జీవ పరిణామానికి సాక్ష్యం ఏది? మా నాన్నగారి ప్రశ్నకి మీ జవాబులు కావాలి

నాచారం_నాన్న · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మావాణ్ణి బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అక్కడ కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది కదా, 44 అడుగుల పొడవు. వాడు దాని ముందు అరగంట నిలబడిపోయాడు. ఇంటికొచ్చి తాతకి చెబుతుంటే ఆయన ఒక్క మాటతో గాలి తీసేశారు: "ఎముకలున్నాయి సరే. అది మారి ఇంకోటయిందని ఎవడు చూశాడు? అదంతా ఉట్టి సిద్ధాంతం."

మా నాన్నగారు రిటైరైన తెలుగు పండితులు. మూర్ఖంగా వాదించే మనిషి కాదు. ఆధారం చూపిస్తే వింటారు. మావాడిది టెన్త్, సీబీఎస్‌ఈ. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం భాగం తీసేశారు కాబట్టి వాడి దగ్గర కూడా సరుకు లేదు. నేను చదివింది కామర్స్. యూట్యూబ్ లింకులు వద్దు, నాన్నగారు చూడరు. కూర్చోబెట్టి నోటితో చెప్పగలిగేలా మీ మాటల్లో రాయండి.

చిక్కడపల్లి_చిన్నోడు · 9:20

ముందు మీ నాన్నగారిని ఇది అడగండి అన్నా: మనిషి కోతి నుంచి వస్తే యాదగిరిగుట్ట మీద కోతులు ఇంకా ఎందుకున్నాయి? 😀

మలక్‌పేట_మామ · 9:26

ఊళ్ళోంచి పట్నం వచ్చి నువ్వు సెటిలైతే ఊళ్ళో మీ పెదనాన్న కొడుకులు మాయమైపోయారా? కోతి మనకి తాత కాదు తమ్ముడూ, పెదనాన్న కొడుకు. నీకూ వాడికీ తాత ఒక్కడే, అంతే. ఆ తాత కోతీ కాదు, మనిషీ కాదు.

బండరాయి · 10:05

నాన్న గారూ, నేను ముప్ఫై ఏళ్ళు రాళ్ళు పగలగొట్టి జీతం తీసుకున్నవాణ్ణి. నా వైపు నుంచి మొదలుపెడతాను.

మీ ఇంటి చుట్టూ ఉన్న బండల్లో ఎంత వెతికినా ఒక్క శిలాజం దొరకదు. జూబ్లీహిల్స్, మౌలాలి, గోల్కొండ, అంతా గ్రానైటే. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడింది. వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఎముక దొరకాలంటే బురదో ఇసుకో పేరుకుని రాయిగా మారిన చోటుకి వెళ్ళాలి. కోటాసారస్ అలాంటి చోటే దొరికింది, ప్రాణహిత గోదావరి లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర. జియొలాజికల్ సర్వేలో పనిచేసిన పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టారు. రాతిపొర పేరు కోటా, ఊరి పేరు యామన్‌పల్లి, రెండూ కలిపి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటిది. తర్వాత వచ్చిన భారీ పొడుగుమెడ డైనోసార్ల పోలికలు దానికి ఉన్నాయి, వాటికి ముందున్న చిన్నవాటి పాత పోలికలూ కొన్ని మిగిలున్నాయి. మీవాడు ఈసారి వెళ్ళినప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకుని చూడమనండి.

ఇంకొకటి, దీని గురించి హైదరాబాద్‌లో చాలామందికి తెలియదు. వీకెండ్‌కి అనంతగిరి వెళ్తారే, ఆ వికారాబాద్ వైపు నాస్కల్ అనే ఊరుంది. దక్కన్ లావా పొరల మధ్య చిక్కుకుపోయిన పాత చెరువు మట్టి అక్కడ ఉంది. ఆ మట్టిని నీళ్ళలో నానబెట్టి సన్నటి జల్లెడ పడితే ఎలుకంత జంతువు పళ్ళు దొరికాయి, ఒక్కోటి మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో. దక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. ప్రసాద్, సాహ్ని 1988లో నేచర్ పత్రికలో ప్రకటించారు. మన దేశంలో డైనోసార్ల కాలం చివరి అంకానికి చెందిన క్షీరదం దొరకడం అదే మొదలు.

ఇక అసలు విషయం. 18 కోట్ల ఏళ్ళ కోటా పొరల్లో క్షీరదాల పళ్ళున్నాయి, చిన్నచిన్నవి. ఆ పొరల్లో ఏనుగు లేదు, ఆవు లేదు, కోతి లేదు, మనిషి లేడు. ప్రపంచంలో ఎక్కడ తవ్వినా ఇదే వరస. చేపల తర్వాత నాలుగు కాళ్ళవి, వాటి తర్వాత పాలిచ్చేవి, చాలా పైన మనం. ఈ వరస తప్పిన ఒక్క ఎముక గట్టిగా రుజువైతే నేను పెన్షన్ వదిలేసుకుంటా.

కోర్టుపక్షి · 10:31

పెన్షన్ జోలికి పోకండి సార్, వాదన వాదనగానే ఉండనివ్వండి. నేను రంగారెడ్డి కోర్టులో భూమి కేసులు చూసే లాయర్ని. తాతగారి వకాలతు నేను పుచ్చుకుంటున్నాను.

ఒకటి. రాతి వయసు ఎవరు చెప్పారు? కార్బన్ డేటింగ్ అంటారు, అందులో తప్పులొస్తాయని మీరే అంటారు. రెండు. దీన్నుంచి ఇది వచ్చింది అనడానికి ప్రత్యక్ష సాక్షి లేడు. అంటే అంతా పరిస్థితుల సాక్ష్యమే. దాంతో కూడా శిక్షలు పడతాయి, కాదనను. కానీ గొలుసులో లింకు తెగకూడదు, సాక్షులు ముందే కూడబలుక్కుని ఉండకూడదు. ఒకే గురువు దగ్గర పాఠం నేర్చుకొచ్చిన సాక్షులు వందమంది బోనెక్కినా నా లెక్కలో ఒక్కడే.

బండరాయి · 10:48

మొదటిదానికి జవాబు. రాళ్ళకి కార్బన్ వాడం. కార్బన్ 14 సగం తరిగిపోవడానికి 5,730 ఏళ్ళు, కాబట్టి దాదాపు యాభై వేల ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. డైనోసార్‌కి కార్బన్ డేటింగ్ చేశారని ఎక్కడైనా చదివితే అక్కడే ఆపేయండి. మేం చూసేది యురేనియం. లావాలోనో, అగ్నిపర్వతం బూడిదలోనో జిర్కాన్ అనే చిన్న స్ఫటికాలు ఉంటాయి. అది ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. తర్వాత యురేనియం నెమ్మదిగా సీసంగా మారుతుంది, సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్ళు. లోపల ఎంత సీసం చేరిందో కొలిస్తే అది పుట్టి ఎంతకాలమైందో తెలుస్తుంది. యురేనియంలో రెండు రకాలున్నాయి, వేర్వేరు వేగాలు. రెండు గడియారాలూ ఒకే టైం చూపించకపోతే ఆ నమూనా మీద అనుమానం పెడతాం. మీరడిగిన కూడబలుక్కోని సాక్షులు ఇద్దరు ఒక్క రాయిలోనే దొరికారు చూడండి.

జువాలజీ_మేడమ్ · ఆదివారం ఉదయం 6:40

లాయర్ గారి రెండో ప్రశ్న మంచిది. నేను తిమింగలాన్ని బోనెక్కిస్తాను.

తిమింగలం చేప కాదు, పాలిచ్చే జంతువు, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. నేలమీది జంతువే నీళ్ళలోకి వెళ్ళిందని డార్విన్ కాలం నుంచీ అనుకుంటున్నదే. కానీ ఏ జంతువు? 1990లలో డీఎన్‌ఏ చూసినవాళ్ళు దానికి అతి దగ్గరి చుట్టం నీటిగుర్రమని తేల్చారు. ఎముకలు చూసేవాళ్ళలో చాలామంది ఒప్పుకోలేదు, తిమింగలం అంతరించిపోయిన వేరే మాంసాహారుల వంశమని వాళ్ళ లెక్క. అంటే సాక్షులు కూడబలుక్కోవడం అటుంచి కొట్టుకుంటున్నారు. 2001లో పాకిస్తాన్‌లో కాళ్ళున్న పాత తిమింగలాల చీలమండ ఎముకలు దొరికాయి. ఆ ఎముకకి రెండువైపులా కప్పీలాంటి ఆకారం ఉంటుంది, అది జింక, మేక, పంది, నీటిగుర్రం జాతుల గుర్తు. ఎముకల వాళ్ళు దిగొచ్చారు.

తర్వాతి కథ మన దేశానిది. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త కాశ్మీర్ వైపు కాలాకోట్ దగ్గర రాళ్ళు సేకరించి, అందులో ఒక చిన్న జంతువుకి 1971లో ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. మిగతా రాళ్ళు పగలగొట్టకుండానే ఆయన పోయారు. వాటిని ఆయన భార్య తర్వాత హాన్స్ థెవిసెన్ అనే శాస్త్రవేత్తకి ఇచ్చారు. శుభ్రం చేస్తుంటే ఒక పుర్రె విరిగింది. విరిగిన చోట చెవి ఎముక చూస్తే ఒక అంచు దళసరిగా ఉంది, తిమింగలాల చెవిలో ఉండే తీరు. కాళ్ళు చూస్తే చిన్న జింకలాంటి జంతువు, పిల్లికన్నా కాస్త పెద్దది, 4.8 కోట్ల ఏళ్ళ నాటిది. ఎముకలు నీళ్ళలో తిరిగే జంతువులకి ఉన్నట్టు బరువుగా ఉన్నాయి. 2007 డిసెంబరులో నేచర్‌లో వచ్చింది. ఇంట్లో మూలనపడి ఉన్న రాళ్ళు!

ఒక జాగ్రత్త. ఇండోహ్యూసే తిమింగలం ముత్తాత అనకండి. ముత్తాతకి చెల్లెలి వరస, అంతవరకే.

మలక్‌పేట_మామ · 7:55

మేడమ్, మరి దశావతారాల మాటేమిటి? మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు. నీళ్ళలోది, నీళ్ళూ నేలా రెండిట్లో తిరిగేది, నేలమీది జంతువు, సగం మనిషి, పొట్టి మనిషి. మనవాళ్ళకి ముందే తెలుసని మా బావగారు ప్రతి పెళ్ళిలోనూ చెబుతారు.

జువాలజీ_మేడమ్ · 8:10

విన్నాను బాబూ, నా పెళ్ళిలో కూడా చెప్పారు. చేప ముందు రావడం కలిసింది. తర్వాత? పరిణామంలో సగం సింహం సగం మనిషి ఎవరూ లేరు. పక్షి ఎక్కడ? అన్నిటికన్నా పెద్ద తేడా ఇంకొకటుంది. అవతారమంటేనే దిగిరావడం, ఒక్క విష్ణువే అవసరాన్నిబట్టి రూపం దాల్చి దిగుతాడు. పరిణామంలో దిగొచ్చేవాడు లేడు, చేరాల్సిన గమ్యం లేదు. దేని అందం దానిదే. ఇది తెచ్చి అందులో కలిపితే రెండూ పాడవుతాయి.

ల్యాబ్_ఎలుక · 9:30

నేను పీహెచ్‌డీ చేస్తున్నా, హబ్సిగూడ సైడ్. (ఆదివారం కూడా ల్యాబే. కణాలకి సెలవుల్లేవు.) ఎముకలు పక్కన పెట్టండి, ఒక్క శిలాజం దొరక్కపోయినా ఈ కేసు నిలబడుతుంది.

ఉసిరికాయ ఎందుకు తినమంటారు? సి విటమిన్ కోసం. మేకకి, కుక్కకి, ఎలుకకి ఆ అవసరం లేదు, ఒంట్లోనే తయారవుతుంది. మనకి అవదు. తయారీలో చివరి మెట్టు పనిచేసే గులో అనే జన్యువు మనలో పాడైపోయింది. జన్యువు లేకపోవడం కాదు, ఉంది, ముక్కలైపోయి అక్కడే పడుంది. చింపాంజీలోనూ అలాగే, గొరిల్లాలోనూ అలాగే, కోతుల్లోనూ అలాగే.

కోర్టుపక్షి · 9:41

అభ్యంతరం. ఒకే మేస్త్రీ కట్టిన ఇళ్ళన్నిటికీ ఒకే ప్లాను ఉంటుంది. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం అయిపోతుందా? గినీపందికి, కొన్ని గబ్బిలాలకి కూడా సి విటమిన్ తయారవదని చదివాను. అవీ మనకి మేనత్త పిల్లలేనా?

ల్యాబ్_ఎలుక · 10:02

సార్ మీరు బాగా ప్రిపేరై వచ్చారు 🙏

పోలిక గురించి కాదు నేనంటున్నది, పాడైన తీరు గురించి. గినీపందిలో కూడా అదే జన్యువు పాడైంది, కానీ వేరే విధంగా. మనకీ చింపాంజీకీ పాడైన తీరు ఒకటే. అంటే గినీపంది వంశంలో విడిగా ఒకసారి, మన ఉమ్మడి పూర్వీకుడిలో ఒకసారి.

కోర్టుపక్షి · 10:15

ఆగండాగండి. ఇది నా రోజువారీ పనే కదా.

భూమి కేసులో లింక్ డాక్యుమెంట్లు తెప్పిస్తాం. మూల దస్తావేజులో రాసినవాడు సర్వే నంబరు 112 బదులు 121 వేశాడనుకోండి. దాన్ని చూసి రాసిన తర్వాతి దస్తావేజుల్లో కూడా 121 అనే ఉంటుంది. సరిగ్గా ఉన్న వాక్యాలు కలిస్తే ఏమీ తేలదు, ఆ పడికట్టు భాష అందరూ రాసేదే. తప్పు కలిసిందా, ఏది దేన్ని చూసి రాశారో చెప్పేస్తాం. పక్క సర్వేలో ఇంకెవడో 311 అని వేరే తప్పు రాశాడా, వాడు వేరే రైటరు.

సరే, ఈ సాక్షిని నేను ఇంకేమీ అడగను.

చిక్కడపల్లి_చిన్నోడు · 10:18

లాయర్ గారు పార్టీ మార్చేశారు!!

ల్యాబ్_ఎలుక · 10:50

సార్ అన్నది కరెక్ట్, నేను అంత బాగా చెప్పలేను. ఇంకొకటి వేసి నా కణాలకి మీడియా (వాటి తిండి ద్రవం) మార్చడానికి వెళ్తా. మనకి క్రోమోజోములు (జన్యువులుండే డీఎన్‌ఏ పోగులు) 23 జతలు. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లకి 24. పూర్వీకుడు ఒకడే అయితే ఒక జత ఎక్కడికి పోయింది? మొత్తం జత ఎగిరిపోతే బతకడం కష్టం, కాబట్టి రెండు అతుక్కుని ఉండాలి. ప్రతి క్రోమోజోము రెండు చివర్లా తాడు ముడి లాంటిది ఉంటుంది, టీటీఏజీజీజీ అనే ఆరు అక్షరాలు మళ్ళీ మళ్ళీ. 1991లో మన రెండో క్రోమోజోము మధ్యలో ఆ ముడి దొరికింది, ఎదురెదురుగా రెండు కొసలు కలిసినట్టు. దాంతోపాటు పనిచేయని రెండో సెంట్రోమియర్ (క్రోమోజోము నడుము లాంటిది, మామూలుగా ఒక్కటే ఉంటుంది) ఆనవాలు కూడా. మధ్యలో ముడి ఉన్న తాడుని చూస్తే రెండు తాళ్ళు కట్టారనే కదా అనుకుంటాం.

మత్తు_డాక్టర్ · మధ్యాహ్నం 1:25

ఆలస్యంగా చూశాను. పరిణామం కోట్ల ఏళ్ళనాటి సంగతి అనుకుంటున్నారు, నాకు ఆపరేషన్ థియేటర్‌లో కనిపిస్తుంది. మన తెలుగువాళ్ళలో వైశ్య కుటుంబాల పేషెంట్ వస్తే మేం అడుగుతాం: ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా? ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే స్కోలిన్ అనే మందుని రక్తంలో విరిచేసే ఎంజైము కొందరిలో ఉండదు. మామూలుగా నిమిషాల్లో పోవాల్సిన మందు ప్రభావం గంటలు ఉంటుంది. ఈ లోపం వాళ్ళలో మిగతావారికన్నా చాలా ఎక్కువ. ముందే తెలిస్తే భయమేమీ లేదు, వేరే మందు వాడతాం.

ఎందుకలా? చిన్న గుంపు, లోపలే పెళ్ళిళ్ళు, అలా వందల ఏళ్ళు. మొదట కొద్దిమందిలో ఉన్న మార్పు యాదృచ్ఛికంగానే పెరిగిపోతుంది. సీసీఎంబీ (మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ళు హార్వర్డ్ వాళ్ళతో కలిసి 2009లో నేచర్‌లో ప్రకటించిన పరిశోధనలో, వైశ్యుల పూర్వీకుల సంఖ్య బాగా తగ్గిపోయిన ఘట్టం వంద తరాలకు పైబడినదని లెక్క తేల్చారు. గమనించండి, ఇది ప్రకృతి వరణం (లాభం చేసే మార్పు ఉన్నవాళ్ళు ఎక్కువగా నిలవడం) కాదు. ఈ మార్పువల్ల ఎవరికీ లాభం లేదు. పరిణామమంటే బలవంతుడు బతకడం అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళు ఇక్కడ తడబడతారు.

లాభం ఉన్న ఉదాహరణ కావాలంటే సికిల్ సెల్, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. ఆదిలాబాద్ ఆదివాసీ గూడేల్లో చూస్తాం. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తే ప్రాణాంతకం, ఒకరి నుంచే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ. రక్తజబ్బులకీ మలేరియాకీ ఇలాంటి ముడి ఉండొచ్చని 1949లో ఊహించింది జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త. తర్వాత ఆయన మన దేశానికి వచ్చేసి పౌరసత్వం కూడా తీసుకున్నారు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం భౌతికకాయం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి వచ్చింది.

బండరాయి · 1:40

ఆ హాల్డేనే! ఏం దొరికితే పరిణామాన్ని వదులుకుంటారని అడిగితే, క్యాంబ్రియన్‌కి (జంతువుల శిలాజాలు విరివిగా కనిపించడం మొదలైన కాలానికి) ముందటి రాళ్ళలో కుందేలు అన్నాడని చెబుతారు. నా పెన్షన్ పందెం ఆయన దగ్గర అప్పు తెచ్చుకున్నదే.

మలక్‌పేట_మామ · 4:30

కళ్ళముందు మారడం ఎవరైనా చూశారా అన్నది తాతగారి అసలు ప్రశ్న. దానికి సూటిగా ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్_ఎలుక · 6:15

చూశారు. రిచర్డ్ లెన్‌స్కీ అనే ఆయన అమెరికాలో 1988 ఫిబ్రవరిలో ఇ. కోలై బాక్టీరియాని 12 ఫ్లాస్కుల్లో పెట్టాడు. రోజూ కొంచెం తీసి కొత్త ఫ్లాస్కులోకి, ప్రతి 500 తరాలకీ ఒక నమూనా ఫ్రీజర్‌లోకి. మా అమ్మ పెరుగు తోడు పెట్టినట్టే. ఆ ద్రవంలో సిట్రేట్ అనే పదార్థం ఉంటుంది, గాలి ఉన్నచోట ఇ. కోలై దాన్ని తినలేదు. 31,000 తరాలు దాటాక 2003లో ఒక్క ఫ్లాస్కు చిక్కగా మబ్బు పట్టింది. అందులోవి సిట్రేట్ తినడం మొదలుపెట్టాయి. ఫ్రీజర్‌లోని పాత తరాల్ని బయటికి తీసి మళ్ళీ పెంచి చూస్తే, సుమారు 20,000 తరాల తర్వాతివాటిలోనే ఈ శక్తి మళ్ళీ వచ్చింది. అంటే ముందే ఏదో చిన్న మార్పు పడుంది, దానిమీద ఇది కుదిరింది. 2008లో ప్రకటించారు.

కోర్టుపక్షి · 6:24

బాక్టీరియా బాక్టీరియాగానే ఉంది కదా అంటారు తాతగారు.

ల్యాబ్_ఎలుక · 6:31

అంటారు. నిజమే, పదిహేనేళ్ళలో అది బర్రె అవదు. చిన్న మార్పు ఎలా జరుగుతుందో ఇది చూపిస్తుంది, పెద్ద మార్పు జరిగిందని మేడమ్ తిమింగలం చూపిస్తుంది. రెండు పనులూ ఒకే సాక్షితో చేయించొద్దు.

చిక్కడపల్లి_చిన్నోడు · 8:02

నాదీ ఒకటి, ఈసారి సీరియస్. బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు కొద్దిగా వంచండి. మధ్యలో తాడులా ఒక నరం లేస్తుంది చూడండి. కొందరికి అది ఉండదు, అయినా చేతి పట్టు తగ్గదట. మా జిమ్ ట్రైనర్‌కి లేదు!

జువాలజీ_మేడమ్ · 8:09

నరం కాదు నాయనా, కండరం కొసన ఉండే స్నాయువు (టెండన్). ఆ కండరం పేరు పాల్మారిస్ లాంగస్. చెట్లెక్కే కోతులకి బాగా పనికొస్తుంది. మనకి ఉన్నా లేకపోయినా ఒకటే, అందుకే కొందరిలో లేకపోయినా ఎవరూ పట్టించుకోరు. నీ ఉదాహరణ బాగుంది.

నాచారం_నాన్న · మంగళవారం రాత్రి 10:20

అందరికీ వందనాలు. నిన్న రాత్రి భోజనాలయ్యాక మొత్తం చదివి వినిపించాను. రెండు గంటలు పట్టింది, మావాడు మధ్యలో రెండుసార్లు ఉసిరికాయ పచ్చడి తెచ్చుకున్నాడు.

ముందు నాన్నగారు నన్నే పట్టుకున్నారు. "ఉట్టి సిద్ధాంతం" అన్న తన మాటే తప్పట. పూర్వపక్షం (ఎదుటివాడి వాదన) పెట్టి, దాన్ని ఖండించాక చివరికి నిలిచిన నిర్ణయమే సిద్ధాంతమట. "ఇంగ్లీషు థియరీకి మీరు ఈ మాట తగిలించారు, నేనూ ఆ గాలిలోనే అనేశాను. మీరు గట్టిది కాదనుకుంటే ఊహ అనాలి."

లాయర్ గారి దస్తావేజు దగ్గర మళ్ళీ చదవమన్నారు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. అప్పుడు దేవదత్తుడి కథ చెప్పారు. దేవదత్తుడు పగలు తినడు, కానీ లావుగా ఉన్నాడు. అంటే రాత్రి తింటున్నాడన్నమాట. ఎవరూ చూడకపోయినా అది తప్ప కుదరదు. దీన్ని అర్థాపత్తి అంటారట, మీమాంసకులు ప్రమాణంగా ఒప్పుకున్నదేనట. "మీ లాయరు చెప్పింది ఇదే. ఎవడు చూశాడు అని నేనడగడం దేవదత్తుడి వంటింట్లో కాపలా కాయమన్నట్టుంది."

ఒప్పుకున్నారా అంటే లేదు. తిమింగలం వరకు సరే, మనిషి దగ్గర ఇంకా ఆలోచించాలి అన్నారు. రెండో క్రోమోజోము ముడి గురించి మళ్ళీ అడగమన్నారు: ముడి పడ్డవాడికి ఇరవై మూడున్నర జతలుంటాయి కదా, వాడికి పిల్లలెలా పుట్టారు? ల్యాబ్_ఎలుక గారూ, ఇది మీకే.

బండరాయి గారూ, నాస్కల్‌కి దారి చెప్పండి. తవ్వం, ఊరికే చూసొస్తాం.

అన్నట్టు చిక్కడపల్లి_చిన్నోడు చెప్పిన మణికట్టు పరీక్ష కూడా చేశాం. నాకు రెండు చేతులకీ ఉంది. మావాడికి కుడిచేతికే ఉంది. నాన్నగారికి రెంటికీ లేదు, పొద్దున్నుంచి వచ్చినవాళ్ళందరి మణికట్లూ పట్టుకుని చూస్తున్నారు.